కాటూరు నుంచి పిట్స్‌బర్గ్, పిట్స్‌బర్గ్ నుంచి బాసర: రోబోల ప్రొఫెసర్ రాజ్ రెడ్డి కథ

ఈసారి రాజుల గురించి కాదు, కోటల గురించి కాదు. యంత్రాల గురించి మాట్లాడుకుందాం. యంత్రానికి చెవి ఇవ్వాలి, చూపు ఇవ్వాలి, చెయ్యీ కాలూ ఇవ్వాలి అని జీవితమంతా పని చేసిన ఒక తెలుగు ప్రొఫెసర్ గురించి చెప్తాను. ఆయన పూర్తి పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచానికి మాత్రం రాజ్ రెడ్డి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆయన కరీంనగర్ మనిషి కాదు, ఆదిలాబాద్ మనిషీ కాదు. పుట్టింది చిత్తూరు జిల్లాలో. మరి మన ఉత్తర తెలంగాణ ముచ్చట్లలో ఆయన కథ ఎందుకు అని మీరు అడగొచ్చు. నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి బాసర. పాత ఆదిలాబాద్ జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న బాసర ట్రిపుల్ ఐటీకి, అంటే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి, మొదటి ఛాన్సలర్ ఆయనే. రెండోది గోదావరిఖని. ఆయన పిట్స్‌బర్గ్‌లో మొదలుపెట్టిన సంస్థలో పుట్టిన ఒక యంత్రానికీ, మన బొగ్గు బాయిలకూ మధ్య ఒక సంబంధం ఉంది. అది కాగితం మీద రాసిన సంబంధం కాదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే కనిపిస్తుంది. దాని దగ్గరికి మెల్లగా వద్దాం.

రాజ్ రెడ్డి 1937 జూన్ 13న కాటూరు అనే పల్లెలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ. తండ్రి వ్యవసాయదారుడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఈయనే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇంట్లో మొదటి తరం చదువు అంటే ఏమిటో మన జిల్లాల్లో వేరే చెప్పక్కర్లేదు. ఫారం నింపడం దగ్గర నుంచి ఏ కోర్సు మంచిదో తెలుసుకునే దాకా ప్రతిదీ బయటి వాళ్లను అడిగి నేర్చుకోవాలి.

మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో 1958లో ఆయన బీఈ పూర్తి చేశారు. ఏ బ్రాంచి అనుకున్నారు? మెకానికల్ కాదు, ఎలక్ట్రికల్ కాదు. సివిల్. కంప్యూటర్ సైన్స్ అనే బ్రాంచి అప్పటికి మన దేశంలో లేనే లేదు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎంటెక్ చేశారు. అక్కడే ఐబీఎంలో మూడేళ్లు ఉద్యోగం. ఆ తర్వాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్. అక్కడ ఆయన గురువు జాన్ మెకార్తీ. కృత్రిమ మేధ, ఇవాళ అందరి నోళ్లలో నానుతున్న ఏఐ, ఆ పేరు పెట్టింది ఆ మెకార్తీయే. ఆయన దగ్గర 1966లో పీహెచ్‌డీ అయింది. విషయం: మనిషి మాటను యంత్రం గుర్తుపట్టడం.

ఇవాళ ఫోన్‌కు నోటితో చెప్తే టైప్ చేసి పెడుతుంది కాబట్టి ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది. ఒక చిన్న ఉదాహరణ తీసుకోండి. పుస్తకంలో "ఎక్కడికి పోతున్నావు" అని ఉంటుంది. కరీంనగర్‌లో "ఏడికి పోతున్నవ్" అంటాం. చిత్తూరు వైపు "యాడికి పోతాండావు" అంటారు. మనకు మూడూ ఒకటే. యంత్రానికి అవి మూడు వేర్వేరు శబ్దాలు. ఇంకో చిక్కు ఉంది. రాసేటప్పుడు మాటకూ మాటకూ మధ్య జాగా వదులుతాం. మాట్లాడేటప్పుడు వదలం, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంది. ఎక్కడ ఒక మాట అయిపోయింది, ఎక్కడ ఇంకోటి మొదలైంది అన్నది చెవి ఒక్కటే తేల్చలేదు. అర్థం కూడా తోడు కావాలి. రాజ్ రెడ్డి తలపెట్టిన పని ఇదన్నమాట.

స్టాన్‌ఫర్డ్‌లో ఉండగానే ఆ పని రోబోను తాకింది. 1969 నాటికి అక్కడి ప్రయోగశాలలో కెమెరా కన్నూ యంత్రపు చెయ్యీ కలిపిన ఏర్పాటుకు నోటిమాటతో ఆజ్ఞలు ఇచ్చి చూపించారు. మనిషి చెప్తాడు, యంత్రం వింటుంది, చెయ్యి కదులుతుంది. వినడం, ఆలోచించడం, చెయ్యడం. రోబో అంటే ఈ మూడూ ఒక్కచోట కలవడమే. సినిమాల్లో చూపించినట్టు దానికి తలా మొండెం ఉండాలన్న నియమం ఏమీ లేదు.

1969లో ఆయన పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారారు. అక్కడ 1970లలో ఆయన బృందం వరుసగా హియర్‌సే, డ్రాగన్, హార్పీ అనే వ్యవస్థలు తయారు చేసింది. హియర్‌సేతో నోటితో ఎత్తులు చెప్తూ చదరంగం ఆడొచ్చు. 1976లో హార్పీ 1,011 మాటల పదసంపదతో, ఆపకుండా మాట్లాడిన వాక్యాలను గుర్తుపట్టింది. వెయ్యి మాటలు అంటే ఇవాళ నవ్వొస్తుంది. కాని అప్పట్లో ఇది అయ్యే పని కాదని చాలామంది పెద్దవాళ్లే అనుకునేవాళ్లు.

ఇక అసలు మలుపు 1979. అప్పటికి అమెరికా ఫ్యాక్టరీలకు జపాన్ గట్టి పోటీ ఇస్తోంది. పిట్స్‌బర్గ్ అంటే ఉక్కు ఊరు, బొగ్గు ఊరు. మన రామగుండం లాంటి పొగ గొట్టాల ఊరు అనుకోండి, చాలా పెద్దది. ఆ ఊరి కంపెనీ వెస్టింగ్‌హౌస్ డబ్బు పెట్టడానికి ముందుకొచ్చింది. అలా కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. దానికి మొదటి డైరెక్టర్ రాజ్ రెడ్డి. 1991 దాకా ఆయనే నడిపారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. రోబో అసలు ఎవరి సబ్జెక్టు? మెకానికల్ వాళ్లు మాది అంటారు, ఎందుకంటే కీళ్లు, గేర్లు, మోటార్లు వాళ్లవి. ఎలక్ట్రికల్ వాళ్లు మాది అంటారు. కంప్యూటర్ వాళ్లు బుర్ర మాది కదా అంటారు. మన కాలేజీల్లో ఒక డిపార్ట్‌మెంట్ వాళ్లు పక్క డిపార్ట్‌మెంట్ మెట్లెక్కడమే అరుదు. రాజ్ రెడ్డి చేసిన పెద్ద పని ఈ గోడలు తీసెయ్యడం. సివిల్ చదివి, కంప్యూటర్‌లో పీహెచ్‌డీ చేసి, యంత్రపు చేతులతో పని చేసిన మనిషి కాబట్టి ఆ గోడలు ఆయనకు పెద్దగా పట్టలేదని నేననుకుంటాను.

ఆ కప్పు కింద ఎవరెవరు చేరారో చూడండి. 1980లో జపాన్ నుంచి టకేయో కనాడే వచ్చారు. ఆయనా, హరుహికో అసాడా కలిసి 1981లో డైరెక్ట్ డ్రైవ్ చెయ్యి తయారు చేశారు. మామూలు యంత్రపు చేతిలో మోటారుకూ కీలుకూ మధ్య గేర్లు ఉంటాయి. గేర్లుంటే రాపిడి ఉంటుంది, వదులు ఉంటుంది, కదలిక కొంచెం అటూ ఇటూ అవుతుంది. వీళ్లు గేర్లు తీసేసి మోటారును నేరుగా కీలు మీదే పెట్టారు. చెయ్యి వేగంగా, మెత్తగా, కచ్చితంగా కదిలింది. మెకానికల్ చదివే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. కొన్నిసార్లు గొప్ప డిజైన్ అంటే ఏం చేర్చాం అన్నది కాదు, ఏం తీసేశాం అన్నది.

మార్క్ రైబర్ట్ అక్కడే ఒంటికాలి మీద గెంతే యంత్రాన్ని చేశారు. మనం తొక్కుడుబిళ్ల ఆడినట్టు, గెంతుతూనే పడిపోకుండా నిలబడే యంత్రం. నిశ్చలంగా నిలబడితే పడిపోతుంది, కదులుతూ ఉంటే నిలుస్తుంది. ఆ రైబర్టే తర్వాత 1992లో బోస్టన్ డైనమిక్స్ అనే కంపెనీ పెట్టారు. ఇవాళ మీ ఫోన్లలో కుక్కలా పరుగెత్తే రోబో, పిల్లిమొగ్గలు వేసే రోబో వీడియోలు చూస్తున్నారే, వాటి మూలం ఆ ఒంటికాలి యంత్రమే.

1986లో ఒక వ్యానుకు కెమెరాలు, కంప్యూటర్లు బిగించి నావ్‌ల్యాబ్ అని పేరు పెట్టి రోడ్డు మీద తిప్పారు. 1995లో దాని తర్వాతి తరం బండి పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియేగో దాకా అమెరికాను అడ్డంగా దాటింది. దాదాపు 2,850 మైళ్ల దారిలో 98 శాతం స్టీరింగ్ యంత్రమే తిప్పింది. బ్రేకు, యాక్సిలరేటర్ మాత్రం మనుషుల చేతిలోనే ఉన్నాయి. డ్రైవర్ లేని కార్ల గురించి ఇవాళ చెప్పే వార్తలకు ఇది తొలి అధ్యాయం. రోబోటిక్స్‌లోనే పీహెచ్‌డీ ఇచ్చే కోర్సును కూడా ఆ సంస్థ 1988లో మొదలుపెట్టింది. దేశంలో అదే మొదటిది.

ఇక రెడ్ విట్టేకర్. ఈయనా సివిల్ ఇంజినీరే. 1979 మార్చిలో, అంటే రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పుట్టిన సంవత్సరంలోనే, పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. కింది అంతస్తు నిండా రేడియేషన్ కలిసిన నీళ్లు. మనిషి దిగితే బతకడు. విట్టేకర్ బృందం చేసిన రోబోను 1984లో అందులోకి దించారు. లోపల ఏముందో మనుషులు మొదటిసారి దాని కళ్లతో చూశారు. మనిషి పోలేని చోటికి, పోకూడని చోటికి యంత్రం పోవాలి అన్న మాట అక్కడ పనిలో రుజువైంది.

ఇప్పుడు బొగ్గు బాయి దగ్గరికి వద్దాం. 2002 జూలైలో పెన్సిల్వేనియాలోనే క్వీక్రీక్ అనే గనిలో 9 మంది కార్మికులు చిక్కుకున్నారు. పక్కనే ఎప్పుడో మూసేసిన పాత గని ఉంది. దాని మ్యాపు సరిగ్గా లేదు. ఇంకా దూరం ఉంది అనుకుని తవ్వుతూ పోతే గోడ పగిలింది, పాత గనిలో నిండి ఉన్న నీళ్లన్నీ వీళ్ల మీదికి వచ్చాయి. మూడు రోజులకు పైగా పోరాడి, పైనుంచి బోరు వేసి 9 మందినీ ప్రాణాలతో తీశారు. అప్పుడు విట్టేకర్, సెబాస్టియన్ థ్రన్, వాళ్ల విద్యార్థులు ఒక ప్రశ్న వేసుకున్నారు. పాత గనుల్లోకి మనిషి పోలేడు. పైకప్పు కూలుతుంది, విషవాయువు ఉంటుంది, మీథేన్ ఉంటుంది. మరి మ్యాపు ఎవరు గీస్తారు? రోబో గీయాలి.

అలా గ్రౌండ్‌హాగ్ అనే యంత్రం పుట్టింది. సుమారు 700 కిలోల బరువు. రెండు బండ్ల ముందు భాగాలను వీపులు కలిపి ఒకటి చేశారు, నాలుగు చక్రాలూ తిరిగేటట్టు. ముందూ వెనకా లేజర్లు. చీకట్లో గోడలను కొలుచుకుంటూ, తాను ఎక్కడ ఉన్నానో తానే లెక్కేసుకుంటూ మ్యాపు గీస్తుంది. 2003 మే 30న దాన్ని మాథీస్ అనే పాడుబడ్డ గనిలోకి పంపారు. 308 మీటర్లు పోయాక పైకప్పు నుంచి పడిన దూలం అడ్డొచ్చింది. ముందుకు దారి లేదని అదే తేల్చుకుంది.

ఇప్పుడు తేదీలు చూడండి. మే 30. దానికి సరిగ్గా 17 రోజుల తర్వాత, 2003 జూన్ 16న, మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడ్డాయి. 17 మంది చనిపోయారు. సింగరేణి చరిత్రలో చెరగని తేదీ అది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ ఇళ్లలో డ్యూటీకి పోయిన మనిషి తిరిగొచ్చేదాకా గడపలోనే కళ్లుండే ఆడవాళ్ల గురించి మీకు తెలుసు.

ఆ గని వేరు, ఈ గని వేరు. ఒక రోబో ఉంటే ఆ 17 మంది బతికేవాళ్లు అని చెప్పడానికి నేను ఈ తేదీలు పక్కన పెట్టలేదు. నేను చెప్పేది ఇంకోటి. ప్రమాదం అక్కడా జరిగింది, ఇక్కడా జరిగింది. అక్కడ ఏడాది తిరగకముందే ఒక విశ్వవిద్యాలయం పిల్లలు ఆ ప్రమాదాన్ని తమ క్లాసులో పాఠంగా పెట్టుకుని యంత్రం చేసి గనిలోకి దించారు. ఎందుకు చేయగలిగారు? వాళ్ల ఊళ్లో 24 ఏళ్ల కిందటే ఒక చోటు ఏర్పడి ఉంది. మెకానికల్, సివిల్, కంప్యూటర్ వాళ్లు ఒకే షెడ్డులో కూర్చునే చోటు. దాన్ని నిలబెట్టినవాడు కాటూరులో పుట్టిన మన తెలుగువాడు.

మన దగ్గర యంత్రాలు రాలేదని కాదు. రామగుండం దగ్గర అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో షియరర్ బొగ్గును కోసుకుంటూ పోతుంది, పైకప్పును మోసే హైడ్రాలిక్ షీల్డులు దాని వెంటే ముందుకు జరుగుతాయి. కాని యంత్రం కొనుక్కోవడం వేరు, మన బాయికి ఏం కావాలో మనమే ఆలోచించి చేసుకోవడం వేరు.

బిరుదుల సంగతి గబగబా చెప్పేస్తాను. 1984లో ఫ్రాన్స్ లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. పేద దేశాలకు కంప్యూటర్ చేర్చడానికి పారిస్‌లో పెట్టిన కేంద్రంలో చేసిన పనికి అది. 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు. కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటిది, ఆసియా మూలాలున్న వాళ్లలో అది అందుకున్న మొదటి మనిషి ఆయనే. 2001లో పద్మభూషణ్, 2005లో హోండా ప్రైజ్. 1991 నుంచి 1999 దాకా కార్నెగీ మెలన్ కంప్యూటర్ సైన్స్ స్కూల్‌కు డీన్.

నాకు బిరుదుల కంటే ఒక విద్యార్థి ముచ్చట ఎక్కువ నచ్చుతుంది. కై-ఫూ లీ అనే కుర్రాడు ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. మాటను గుర్తుపట్టడానికి గురువు నమ్మిన దారి ఒకటి. శిష్యుడు వచ్చి, ఆ దారి వద్దు, గణాంకాల దారిలో పోతాను అన్నాడు. రాజ్ రెడ్డికి ఆ దారి మీద నమ్మకం లేదు. అయినా, నీతో ఏకీభవించను గాని నీకు అండగా ఉంటాను అన్న అర్థంలో చెప్పి, కావలసిన కంప్యూటర్లు ఇప్పించారు. 1988లో ఆ శిష్యుడు చేసిన స్ఫింక్స్, ఎవరి గొంతైనా ముందే నేర్పకుండా గుర్తుపట్టే వ్యవస్థగా పేరు తెచ్చుకుంది. గురువు దారి తప్పిన శిష్యుడే గురువు కలను ముందుకు తీసుకుపోయాడు. మన పరిశోధక విద్యార్థులకు ఇలాంటి గైడ్లు ఎంతమంది దొరుకుతారో మీరే చెప్పండి.

తెలుగువాళ్లకు ఆయన చేసిన ఇంకో మేలు ఉంది. పాత పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా పెట్టాలన్న మిలియన్ బుక్ ప్రాజెక్టు వెనక ఉన్నది ఆయనే. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా నడిచింది. నాలాగా చరిత్ర చెప్పుకునేవాళ్లు ఎప్పుడో ముద్రణ ఆగిపోయిన తెలుగు పుస్తకాన్ని ఇంట్లో కూర్చుని చదువుతున్నారంటే ఆ పనికి కొంత రుణపడి ఉన్నట్టే.

ఇక బాసర. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి ఈ విశ్వవిద్యాలయం పెట్టింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ, మూడు క్యాంపస్‌లు. ఎంట్రన్స్ పరీక్ష లేదు. పదో తరగతి మార్కులే కొలత. సర్కారు బడిలో చదివిన పిల్లలకు కొంత అదనపు స్కోరు. అక్కడే ఉండి ఆరేళ్ల చదువు: రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన కోర్సు, నాలుగేళ్లు బీటెక్. చేతికి ల్యాప్‌టాప్.

ఇందులో ఉన్న ఆలోచన గమనించండి. కోచింగ్‌కు లక్షలు పోసేవాడికీ, ఉట్నూరు వైపు నుంచో, హుస్నాబాద్ వైపు నుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చే పిల్లకూ ఎంట్రన్స్ ఒకటే గీత గీస్తుంది. ఆ గీతను పక్కన పెడితే తమ బడిలో ముందున్న పిల్ల లోపలికి రాగలదు. కాటూరు పిల్లవాడికి గిండీ దొరికినట్టు ఆ పిల్లకు బాసర దొరకాలి. బాసరలో మనవాళ్లు తరతరాలుగా పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తున్నారు. అదే ఊళ్లో ఇప్పుడు మెకానికల్, కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ కూడా చెప్తున్నారు.

అయితే చోటు కట్టడం ఒకటి, నిలబెట్టడం ఒకటి. 2014లో రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణ వాటాకు వచ్చింది. 2022 జూన్‌లో అక్కడి విద్యార్థులు వారం రోజుల పాటు ఎండలో, వానలో గేటు దగ్గర కూర్చున్నారు. వాళ్లు అడిగింది కొత్త స్వర్గం కాదు. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలి, సరిపడా అధ్యాపకులు కావాలి, ల్యాప్‌టాప్‌లు కావాలి. అంటే 2008లో ఇస్తామన్నదే అడిగారు. వేల మంది పిల్లలు, అందులో ఎక్కువమంది వాళ్ల ఇంట్లో మొదటి ఇంజినీర్లు కాబోయేవాళ్లు. నా లెక్కలో అది ధర్నా మాత్రమే కాదు, ఉత్తర తెలంగాణ విద్యా చరిత్రలో ఒక పేజీ.

రాజ్ రెడ్డి జీవితం నుంచి నేను తీసుకునేది ఒకటే. ఆయన హార్పీని చేశారు, నిజమే. కాని గెంతే యంత్రం ఆయన చెయ్యలేదు, డైరెక్ట్ డ్రైవ్ చెయ్యి ఆయన చెయ్యలేదు, గ్రౌండ్‌హాగ్ ఆయన చెయ్యలేదు. అవన్నీ పుట్టే చోటును కాపాడారు. డబ్బు తెచ్చారు, మనుషుల్ని తెచ్చారు, తనతో ఏకీభవించని వాళ్లకూ జాగా ఇచ్చారు, పన్నెండేళ్లు అక్కడే నిలబడ్డారు. అందుకే ఆయన దిగిపోయాక కూడా అక్కడ పని ఆగలేదు.

బాసర నుంచి గోదావరిఖనికి గోదావరి పారుతూ పోతుంది. పై ఒడ్డున ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నారు, కింది ఒడ్డున ఇంకా నేల కిందికి దిగే మనుషులున్నారు. వాళ్లలో చాలామంది ఒకే ఇంటివాళ్లు, తండ్రి బాయిలో, కూతురు బాసరలో. ఆ కూతురికి ఒక షెడ్డు, నాలుగు మోటార్లు, రెండు లేజర్లు, పక్క డిపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరు స్నేహితులు, నమ్మే ఒక గురువు ఇస్తే మన బాయికి మన గ్రౌండ్‌హాగ్ ఎందుకు రాదు? ఆ ఏర్పాటు చేయించుకోవడం మన పని. ఓటు వేసేవాళ్లుగా, ఫీజులు కట్టే తల్లిదండ్రులుగా, అక్కడ చదివి బయటికి పోయి స్థిరపడ్డ పాత విద్యార్థులుగా మనం అడగాలి.